సంపాదకుని మాట: ‘ఇతరములు’ గడిలో పడిపోయిన జవాబులు

వినియోగదారుల సర్వే, అంటే సరుకు కొన్నవారిని ప్రశ్నించి వారి జవాబులను లెక్కగట్టే పని, మార్కెటింగ్ వ్యాపారానికి ఆయువుపట్టు. ఆ పనికి వాడే సాఫ్ట్‌వేర్ పాతబడితే ముందుగా నష్టపోయేది తెలుగులో వచ్చిన జవాబే. యూనికోడ్, అనగా ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్యను కేటాయించే ప్రమాణం, 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, మన కార్యాలయాలు చాలాకాలం ‘అను’ వంటి యూనికోడేతర ఫాంట్లతోనే పని నడిపాయి. వాటిలో దాచిన జవాబు ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. కనుక ఆధునికీకరణ కొత్త తెరతో కాక, పాత దత్తాంశాన్ని యూనికోడులోకి మార్చి, ఒత్తులూ గుణింతాలూ చెక్కుచెదరలేదని సరిచూడటంతో మొదలుకావాలి.

పరికరాల సంగతికి వస్తే, ప్రభుత్వ సర్వేలనే చూడండి: 2014 ఆగస్టు 19న తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వే కాగితపు ఫారాలపై ఒక్క రోజులో జరగగా, 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రజాసాధికార సర్వే ట్యాబ్‌లతో ఇంటింటికీ వెళ్లింది. పరికరం మారింది, అయినా జవాబుల జాబితాలోని మాట మారకపోతే ఫలితమేమిటి? పెండ్లిమర్రి అనే ఊరిలో ఒక ఇల్లాలు ‘శెనక్కాయల నూనె’ అని చెప్పినప్పుడు, తెరపై అదే నూనెకు ‘పల్లీ నూనె’ అనే మాట మాత్రమే ఉంటే, ఆ జవాబు ‘ఇతరములు’ అనే గడిలో పడి లెక్కకు అందకుండా పోతుంది. ప్రోగ్రామరు అవసరం లేకుండా సర్వే నిర్వాహకులే ఊరి మాటను జాబితాలో చేర్చగలగడం, సిగ్నల్ లేనిచోట జవాబును ఫోనులోనే దాచి తరువాత సర్వరుకు పంపగలగడం, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కోరినట్లు సమ్మతిని తెలుగులో స్పష్టంగా అడగడం, ఈ మూడింటినీ ఈ సంచికలోని వ్యాసాలు వివరంగా పరిశీలిస్తాయి.