ముందు ఇరుసులో ఏది విరిగినా పరవాలేదో ముందే తేల్చుకుందాం



వచ్చే సర్వసభ్య సమావేశంలో మన జిప్సీ ముందు ఇరుసు గురించి చర్చ ఉంది. పోయిన వానాకాలం లక్ష్మీపూర్ పైన కొండదారిలో ఎడమ చక్రం జాయింటు విరిగి, వైద్య శిబిరానికి వెళ్ళాల్సిన మందులు సగం దారిలో ఆగిన సంగతి మీకు తెలుసు. అప్పటి నుంచి గ్రూపులో రెండు పక్షాలు తయారయ్యాయి. మన కుర్రాళ్ళు క్రోమోలీ షాఫ్టులు, 31 అంగుళాల టైర్లు, ముందు డిఫరెన్షియల్‌కి లాకరు అన్నీ ఒకేసారి వేయించేద్దాం అంటున్నారు. పెద్దవాళ్ళేమో సైన్యంలో తిరిగొచ్చిన బండికి ఇవన్నీ ఎందుకు, విరిగిన ముక్క మార్చి నడుపుకోండి అంటున్నారు. బండి బాగోగులు చూసుకుంటున్న మా నలుగురికీ ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం, కొంత ప్రమాదం కనిపిస్తున్నాయి. ఓటు వేసే ముందు మా మాట కూడా వినండి.

ముందుగా ఒక్క విషయం అందరం గుర్తుపెట్టుకోవాలి. ముందు ఇరుసులో భాగాలు రెండు జాతులు. ఒక జాతి విరిగితే బండి లాగడం మానేస్తుంది. రెండో జాతి విరిగితే స్టీరింగు మన మాట వినడం మానేస్తుంది. షాఫ్టులు, జాయింట్లు, హబ్ లాకులు, క్రౌన్-పినియన్ మొదటి జాతి. టై రాడ్, డ్రాగ్ లింక్, వాటి చివరలుండే బాల్ జాయింట్లు, కింగ్ పిన్ బేరింగులు, నకల్ బోల్టులు, చక్రం బేరింగులు రెండో జాతి. గ్రూపులో ఇప్పటిదాకా జరిగిన వాదనంతా మొదటి జాతి గురించే. ఘాట్ రోడ్డులో మనుషుల ప్రాణం ఆధారపడేది రెండో జాతి మీద.

జిప్సీలో ముందు చక్రం బరువు లోపలి షాఫ్టు మీద ఉండదు. బోలుగా ఉండే స్పిండిల్ మీద, బేరింగుల మీద ఉంటుంది. షాఫ్టు ఆ బోలు గుండా వెళ్ళి హబ్బును తిప్పుతుంది, అంతే. అందుకే షాఫ్టు విరిగినా చక్రం ఊడిపోదు. విరిగిన ముక్కలు తీసేసి, హబ్ లాకు విప్పి, వెనక చక్రాల లాగుడుతో నెమ్మదిగా ఇంటికి రావచ్చు. పోయినసారి మనవాళ్ళు వచ్చింది అలాగే. అదే టై రాడ్ చివర ఊడితే, ఏ వంపులో ఊడితే ఆ వంపులోనే కథ ముగుస్తుంది. సుంకి ఘాట్ దిగేటప్పుడు పక్కనున్న లోయ చూసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక జాయింటు ఎందుకు విరిగిందో చూద్దాం. పాత మహీంద్రా జీపులు నడిపినవాళ్ళకి క్రాస్ జాయింటు అలవాటు. జిప్సీలో ఉన్నది బర్ఫీల్డ్ జాయింటు. గిన్నెలాంటి ఉక్కు కప్పులో ఆరు గుండ్లు, వాటిని పట్టి ఉంచే పంజరం. చక్రం నేరుగా ఉన్నప్పుడు ఆ ఆరు గుండ్లూ భారాన్ని బాగానే పంచుకుంటాయి. స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడు గుండ్లు కప్పు అంచుకు జరుగుతాయి, పంజరం మీద ఒత్తిడి పెరుగుతుంది. అదే సమయంలో టైరు బురదలో గిరగిర తిరుగుతూ ఉన్నట్టుండి రాతిని పట్టుకుంటే కప్పు పగులుతుంది. ఆ పగిలిన ముక్కలు లోపల ఇరుక్కుంటే స్టీరింగు కూడా బిగుసుకుపోవచ్చు. కాబట్టి జాయింటు విషయంలో కుర్రాళ్ళ ఆందోళన న్యాయమైనదే. దాన్ని బలపరచాలి. ఎంతవరకు, ఏ వరసలో అన్నదే మా ప్రశ్న.

ఒక చిన్న లెక్క చూడండి. ఇంజిను ఇచ్చే తిప్పుడు బలం 100 న్యూటన్ మీటర్లు అనుకోండి. మొదటి గేరు దాన్ని నాలుగు రెట్లు, లో రేంజ్ రెండున్నర రెట్లు, క్రౌన్-పినియన్ మళ్ళీ నాలుగు రెట్లు చేస్తే మొత్తం 40 రెట్లు. అంటే 4,000 న్యూటన్ మీటర్లు. మామూలుగా ఇది ముందూ వెనకా పంచుకుపోతుంది. పైగా మామూలు డిఫరెన్షియల్‌కి ఒక గుణం ఉంది. ఒక చక్రం గాలిలోకి లేచి ఊరికే తిరుగుతుంటే రెండోదానికీ అంతకంటే ఎక్కువ బలం పంపదు. బండి ఆగిపోతుంది, మనకి చిరాకేస్తుంది, కానీ షాఫ్టు బతుకుతుంది. లాకరు వేస్తే ఆ రక్షణ పోతుంది. ముందుకి వచ్చిన బలమంతా నేల మీదున్న ఒక్క చక్రం షాఫ్టు మీద, అదీ తిప్పి ఉన్న జాయింటు మీద పడుతుంది. లాకరు దారి చూపిస్తుంది, నిజమే. ఆ దారి ఖరీదు జాయింటు కడుతుంది.

టైర్ల సంగతీ అంతే. మన బండికి కంపెనీ ఇచ్చింది 205/70 ఆర్ 15. దాని ఎత్తు సుమారు 26 అంగుళాలు. 31 అంగుళాల టైరు వేస్తే నేల నుంచి వచ్చే ప్రతి కుదుపుకీ మీట పొడవు దాదాపు 18 శాతం పెరుగుతుంది. టైరు బరువు పెరిగి బేరింగుల మీద, టై రాడ్ మీద, బ్రేకుల మీద కూడా భారం పడుతుంది. అంటే ఒక చేత్తో క్రోమోలీ కొని బలం పెంచి, ఇంకో చేత్తో టైరు మార్చి ఆ బలంలో కొంత తినేస్తున్నాం. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని సొంతంగా మార్చకూడదు. సంఘం పేరు మీదున్న బండి, అందులో డాక్టర్లనీ వాలంటీర్లనీ ఎక్కిస్తున్నాం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు నిలబడాల్సింది కార్యదర్శి.

ఇప్పుడు లోహం గురించి. షాఫ్టు లావు పెంచితే బలం చాలా వేగంగా పెరుగుతుంది. మెలి తిరగడాన్ని తట్టుకునే శక్తి వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది కనుక పది శాతం లావు పెరిగితే 33 శాతం బలం వస్తుంది. కానీ లావు పెంచాలంటే డిఫరెన్షియల్ లోపలి గేర్లు, సీళ్ళు, స్పిండిల్, హబ్బు అన్నీ మార్చాలి. అంత ఖర్చు మనకి కుదరదు. అదే కొలతలో మంచి ఉక్కు ఎంచుకోవడమే దారి. క్రోమోలీ అంటే క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. మన లేతు షాపుల్లో దాన్ని ఈఎన్ 19 అంటారు. నికెల్ కూడా కలిసినది ఈఎన్ 24. మామూలు కార్బన్ ఉక్కు ఈఎన్ 8.

ఇక్కడే మోసపోయే చోటు ఉంది. ఉక్కు పేరు ఒక్కటే బలం ఇవ్వదు, దానికి పెట్టిన వేడి కూడా కావాలి. హార్డెనింగ్, టెంపరింగ్ సరిగ్గా చెయ్యని ఈఎన్ 24 షాఫ్టు, పైపొర గట్టిపరచి వచ్చిన కంపెనీ మామూలు షాఫ్టు కంటే నాసిగా ఉండొచ్చు. మరీ గట్టిగా చేస్తే గాజులా పుటుక్కున విరుగుతుంది. విశాఖ ఆటోనగర్‌లో చేయించినా, పీణ్యాలో చేయించినా, విదేశం నుంచి తెప్పించినా మూడు అడగాలి: ఉక్కు పరీక్ష కాగితం, హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత కొలిచిన గట్టిదనం అంకె, స్ప్లైన్లు పాత హబ్బులో వదులు లేకుండా కూర్చుంటున్నాయా అన్నది. ఈ మూడూ చూపించలేనివాళ్ళ దగ్గర ఎంత చవకైనా కొనొద్దు.

ఇంకో మాట. షాఫ్టూ జాయింటూ రెండూ ఉక్కుముక్కల్లా చేసేస్తే విరుగుడు మాయమైపోదు, పక్కకి జరుగుతుంది. తర్వాతి బలహీనమైన చోటు క్రౌన్-పినియన్. జాయింటు విరిగితే దారి పక్కన గంటో రెండు గంటలో పని. క్రౌన్ పళ్ళు ఊడితే ఆ ఉక్కు ముక్కలు హౌసింగంతా నమిలేస్తాయి. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, బండిని ఎలాగోలా కిందికి దింపి, ఇరుసు మొత్తం విప్పాలి. ఇంట్లో ఫ్యూజు పోతోందని అక్కడ లావు తీగ చుడితే ఏమవుతుందో మనకి తెలుసు. అందుకే మేము కోరేది విరగని ఇరుసు కాదు. విరిగినా మనుషుల్ని ఇంటికి చేర్చే ఇరుసు.

అందుకని సమావేశం ముందు మేము పెట్టబోయే వరస ఇది.

మొదటి డబ్బు స్టీరింగుకి. రెండు పక్కలా కింగ్ పిన్ బేరింగులు, చక్రం బేరింగులు, టై రాడ్ చివరలు కొత్తవి. రాళ్ళకి వంగిన టై రాడ్ స్థానంలో మందం ఎక్కువున్న కొత్తది. వంగినదాన్ని సుత్తితో సరిచేసి వెల్డింగ్ పెట్టడం ఇక ఏ పరిస్థితిలోనూ వద్దు. స్టీరింగు భాగానికి వెల్డింగు వేయించినవాడు తన పిల్లల్ని అందులో ఎక్కించి ఘాట్ దింపగలడా అని అడగండి.

రెండో డబ్బు సీళ్ళకి, గ్రీజుకి. లోపలి సీలు పోతే డిఫరెన్షియల్ నూనె నకల్ గుండులోకి కారి గ్రీజుని గంజిలా చేస్తుంది. జాయింటు ఎండిపోయి అరుగుతుంది, వానకి బురదనీళ్ళు కూడా చేరతాయి. సీళ్ళ ఖరీదు చాలా తక్కువ. వాటిని వాయిదా వేస్తే చెల్లించేది జాయింటు ఖరీదు.

మూడో డబ్బు మంచి క్రోమోలీ జాయింట్లకి, అవీ రెండు పక్కలా జతగా. లోపలి షాఫ్టులు కంపెనీవే ఉండనిద్దాం. తీసిన పాత జాయింట్లలో బాగున్నదాన్ని శుభ్రం చేసి గ్రీజు పెట్టి, ఒక హబ్ లాకుతో సహా బండిలోనే ఉంచుదాం. టైరు కంపెనీ కొలతలోనే, బురదకి పనికొచ్చే గాళ్ళున్నది. ముందు లాకరు వద్దు.

నాలుగోది డబ్బు అడగదు. స్టీరింగు చివరిదాకా తిప్పి ఆక్సిలరేటరు తొక్కొద్దు. చక్రం తిరుగుతూ ఉంటే కాలు తీసి, స్టీరింగు నేరుగా చేసి, కాస్త వెనక్కి వచ్చి మళ్ళీ ప్రయత్నించాలి. శిబిరానికి బయల్దేరే ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగుల వదులు, పక్కలు పట్టుకుని ఊపితే టై రాడ్ వదులు చేతికి తెలుస్తుంది. ఐదు నిమిషాల పని. నడిపేవాళ్ళందరూ నేర్చుకోవాలి.

కుర్రాళ్ళకి ఒక మాట. తమ్ముళ్ళూ, మీరు పంపే వీడియోలన్నీ చూస్తున్నాం. వాటిలో చాలావరకు కొత్త థార్‌లు. దానికి ముందు చక్రాలు విడివిడిగా ఆడే సస్పెన్షను, మన బండికి ఒకే గట్టి ఇరుసు. దానికి పనికొచ్చింది దీనికి పనికిరాదు. పైగా వాళ్ళ వెనక లాగడానికి పది బండ్లు ఉంటాయి. మన వెనక ఉండేది కొండ, వాన, సిగ్నల్ లేని ఫోను.

పెద్దలకీ ఒక విన్నపం. ఇన్నాళ్ళు నడిచింది కాబట్టి ఇకముందూ నడుస్తుందనడం ఉక్కు విషయంలో చెల్లదు. ఉక్కుకి అలసట ఉంటుంది, అది బయటికి కనిపించదు. మనం మన ఊరు వదిలి తరాలైంది. ఈ కొండలవాళ్ళు మనల్ని తమవాళ్ళు అనుకున్నారు కాబట్టే ఇక్కడ నిలదొక్కుకున్నాం. కువి మాట్లాడే ఆ ఊళ్ళలో నెలకోసారి మన బండి చప్పుడు కోసం చూసే గర్భిణులున్నారు, బీపీ మాత్రలు అయిపోయిన ముసలివాళ్ళున్నారు. చందా డబ్బు ఖర్చు పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం మాకు తెలియదు. అయితే ఆ డబ్బు మొదట వెళ్ళాల్సింది ఎవరికీ కనిపించని బేరింగుకీ, సీలుకీ.

పాత భాగాలన్నీ సమావేశానికి తెస్తాం, పగిలిన కప్పుతో సహా. చేత్తో పట్టుకుని చూసి, అడగాల్సింది అడిగి, అప్పుడు ఓటు వేయండి. వానలు మొదలయ్యేలోపు పని పూర్తి కావాలి.