చట్టం – సంసారం: బంధువుల కారులో దెబ్బ తగిలితే

మన ఇళ్లలో తరచు తలెత్తే సందేహమే అయినా, మొహమాటం కొద్దీ ఎవరూ బయటికి అడగని విషయం ఒకటి ఈసారి తీసుకుంటున్నాను.

బళ్లారివారికి ప్రయాణమంటే చాలాసార్లు సరిహద్దు దాటడమే. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రకు, మిగతావి మైసూరుకు వెళ్లాయి గాని, చుట్టరికాలను ఎవరూ పంచలేకపోయారు. పెళ్లికి గుంతకల్లు వెళ్లాలన్నా, దర్శనానికి మంత్రాలయం వెళ్లాలన్నా ఎవరో ఒక బంధువు కారు తీస్తారు, నలుగురం ఎక్కుతాం. దారిలో ప్రమాదం జరుగుతుంది. వెనుక కూర్చున్న వదినగారికి తొడ ఎముక విరుగుతుంది. కారు నడిపింది ఆడపడుచు భర్త. ఆసుపత్రి ఖర్చు లక్షలు దాటుతుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట ఒకటే: "అన్నయ్యగారి మీద కేసు వేస్తామా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఈ ఒక్క మాట వల్ల ఎందరో తమకు రావలసింది వదులుకుంటున్నారు. నష్టపరిహారం దరఖాస్తులో కారు యజమాని పేరు ప్రతివాదిగా ఉంటుంది, నిజమే. కాని పాలసీ సరిగా ఉంటే డబ్బు కట్టేది ఇన్సూరెన్సు కంపెనీ. ఏటేటా ప్రీమియం కట్టింది అందుకే కదా! డ్రైవరు మీద పోలీసు కేసు అంటారా, అది మీరు పరిహారం అడిగినా అడగకపోయినా నడిచేదే.

ఇక్కడ పాలసీ ఏ రకమో చూడాలి. ఎదుటి వాహనానిది తప్పయితే దాని థర్డ్ పార్టీ పాలసీ చాలు. దానికి మీరు పరాయి మనిషే. మన కారుదే తప్పయితే మాత్రం, వట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉన్న సొంత కారులో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు కంపెనీ బాధ్యత ఉండదు. ప్యాకేజీ పాలసీ, అంటే మనం కాంప్రహెన్సివ్ అనేది ఉంటే, లోపల కూర్చున్నవారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. నాలుగు వేలు మిగులుతాయని చవక పాలసీ తీసుకుని అందరినీ ఎక్కించుకు తిరిగే మహానుభావులు ఈ వాక్యం రెండోసారి చదవాలి. డ్రైవరుకు చెల్లుబాటయ్యే లైసెన్సు లేకపోతే, కంపెనీ మీకు చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని దగ్గర రాబట్టుకునే వీలుంది. అప్పుడు చుట్టరికానికి నిజంగానే చిక్కు.

రెండు వాహనాలదీ తప్పయితే? ప్రయాణికుడు స్టీరింగు పట్టుకోలేదు గనుక తప్పులో అతనికి వాటా లేదు. మొత్తం పరిహారం ఇద్దరిలో ఎవరి దగ్గరనైనా రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటాలు వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

లారీలు, ట్రాక్టర్ల సంగతి వేరు. మిరపకాయల బస్తాలతో బ్యాడగి మార్కెట్టుకు లారీలో వెళ్లే రైతు, సరుకు యజమానిగా పాలసీ కిందికి వస్తాడు. 1994 సవరణ ఆ రక్షణ ఇచ్చింది. అదే లారీలో పెళ్లివారు ఎక్కితే కంపెనీకి బాధ్యత లేదు. సిరుగుప్ప వైపు క్యాంపుల్లో ఉన్నవారికి ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక మన సరిహద్దువారికి పెద్ద వెసులుబాటు. ప్రమాదం ఆలూరు దగ్గర జరిగినా దరఖాస్తు అక్కడే వేయనక్కరలేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం మీరు నివసించే చోట, అంటే బళ్లారిలోని ట్రిబ్యునల్లోనే వేయవచ్చు. ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, ఇక్కడ మహజరు అనే ఆ పంచనామా మాత్రం అక్కడి స్టేషను నుంచి తెచ్చుకోవాలి. అవి తెలుగులో ఉంటే కన్నడంలోకో ఇంగ్లీషులోకో అనువాదం జతచేయాలి. కన్నడ బడిలో చదివిన మన పిల్లలు తెలుగు కాగితం చదవలేకపోవచ్చు; ఇంట్లో పెద్దలు కూర్చుని ఒకసారి చదివి చూడండి. బండి నంబరు, మీ పేరు, మీరు ఎక్కడ కూర్చున్నదీ సరిగా ఉందా లేదా? బంధువును కాపాడాలని "కుక్క అడ్డం వచ్చింది, ఎవరి తప్పూ లేదు" అని స్టేషనులో చెప్పినవారికి ట్రిబ్యునల్లో అదే మాట అడ్డు తగులుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి. డ్రైవరును మార్చి చెప్పడం ఇంకా ప్రమాదం.

గడువు ఆరు నెలలు. 1994లో గడువు ఎత్తివేశారు. 2019 సవరణ మళ్లీ పెట్టింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ గడువు దాటిందని దరఖాస్తులు కొట్టివేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినా దాన్ని నమ్ముకుని కూర్చోకండి. కట్టు విప్పాక చూద్దామనుకుంటే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

ఎంత వస్తుందని అడుగుతారు. ఒక లెక్క చూడండి. జీన్సు యూనిట్‌లో మిషను కుట్టే సోదరి, వయసు 38, నెలకు 12,000 రూపాయలు. కాలు దెబ్బతిని సంపాదన శక్తి 30 శాతం పోయిందని ట్రిబ్యునల్ నిర్ణయిస్తే, ఆ వయసుకు గుణకం 15. ఏడాది ఆదాయం 1,44,000. పదిహేనుతో హెచ్చించి 30 శాతం తీస్తే 6,48,000. దీనిపైన ముందుముందు పెరిగే ఆదాయానికి కొంత, ఆసుపత్రి బిల్లులు, తోడు మనిషి ఖర్చు, పోషకాహారం, బాధకు పరిహారం, వడ్డీ వేరు. డాక్టరు రాసిన శాతమే చివరి మాట కాదు. చేయి పోతే గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు, వడ్రంగికి బతుకుతెరువే పోతుంది. ఏ పని చేసే మనిషి అన్నది చూడాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ పని ఏమిటో, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారో సాక్ష్యంలో వివరంగా చెప్పాలి. ఇల్లాలికి జీతం లేదు గదా అని చిన్నబుచ్చుకోకండి. ఇంటిపనికి విలువ కట్టి తీరాలని 2021లో వచ్చిన తీర్పు ఉంది.

మందుల చీటీలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు ఒక సంచిలో వేసి ఉంచండి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు 1,50,000 రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స పొందవచ్చు, చేరినరోజే అడగండి. ఇరవై వేలు చేతిలో పెట్టి రాజీ కాగితం మీద సంతకం అడిగితే, వైద్యం పూర్తయ్యేదాకా ఆగమనండి. లోక్ అదాలత్‌లో రాజీ మంచిదే, కాని పై లెక్క ఒకసారి వేసుకున్నాకే తలూపండి.

వకీలు ఖర్చుకు జంకే సోదరీమణులకు ఒక మాట. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. జిల్లా న్యాయసేవా ప్రాధికారానికి దరఖాస్తు ఇస్తే వకీలును వారే ఏర్పాటు చేస్తారు. తీర్పులో తక్కువ వచ్చిందనిపిస్తే హైకోర్టుకు 90 రోజుల వ్యవధి. మన జిల్లావారికి అది ధారవాడ బెంచి.