తప్త యంత్రానికి తుంపర జలం

1962 ఏప్రిల్‌లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఓల్డ్స్‌మొబైల్ విభాగం 'జెట్‌ఫైర్' అనే కారును విపణిలో ప్రవేశపెట్టింది. దాని ఇంజను పరిమాణం 215 ఘనపు అంగుళాలు. శక్తి కూడ 215 అశ్వశక్తులే. ఘనపు అంగుళానికొక అశ్వశక్తి చొప్పున! రోడ్డు మీద తిరిగే కారుకు ఆ రోజులలో అది ఘనమైన లెక్క. అయితే దాని యజమాని పెట్రోలు, నూనె, రేడియేటరు నీరు పోసి ఊరుకుంటే చాలదు. 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అనే మరొక ద్రవాన్ని కూడ పోస్తూ ఉండాలి. పేరులోని ఆర్భాటాన్ని పక్కన పెడితే, అందులో ఉన్నది ప్రధానంగా సగం శుద్ధజలం, సగం మిథైల్ ఆల్కహాలు.

ఇంజనులోనికి నీరు పోయిందంటే ఏ డ్రైవరుకైనా గుండె జారిపోతుంది. మరి పనిగట్టుకొని నీరు చల్లటమెందుకు? కారణం సూపర్‌చార్జరు స్వభావంలోనే ఉంది. అది గాలిని కుదించి సిలిండర్లలోనికి నెట్టుతుంది. గాలి పెరిగితే పెట్రోలు పెంచవచ్చును. దానితో శక్తి పెరుగుతుంది. కాని కుదించిన గాలి వేడెక్కక మానదు. సైకిలు పంపు అడుగుభాగాన్ని పట్టుకొని చూసిన వారికి ఇది అనుభవమే. 30 డిగ్రీల సెంటిగ్రేడు గాలిని ఒకటిన్నర రెట్ల పీడనానికి కుదిస్తే, ఏ నష్టమూ లేని ఆదర్శయంత్రంలో సైతం అది 67 డిగ్రీలకు చేరుతుంది. వాస్తవ యంత్రాలలో 90 డిగ్రీలను అందుకోవటం వింత కాదు.

ఈ వేడిగాలి సిలిండరులో మళ్ళీ కుదింపునకు గురి అవుతుంది. స్పార్కు ప్లగ్గు వద్ద పుట్టిన మంట క్రమంగా వ్యాపించవలసి ఉండగా, అది చేరకముందే మూలనున్న మిశ్రమం తనంత తానే భగ్గుమంటుంది. మెకానిక్కులు 'నాకింగ్' అనేది దీనినే. లోహం మీద సుత్తితో కొట్టినట్లుండే ఆ చప్పుడును ఉపేక్షిస్తే పిస్టనుకు రంధ్రం పడటం వరకు వస్తుంది.

ఒక గ్రాము నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరి కావటానికి సుమారు 540 కాలరీల వేడిని గ్రహిస్తుంది. అంతే బరువు గల పెట్రోలు గ్రహించేది 80 కాలరీలకు కొంచెం పైమాటే. కనుక తుంపరగా చల్లిన కొద్దిపాటి నీరు కూడ గాలిని, దహనకక్ష్యను చల్లబరిచి నాకింగును అణచివేస్తుంది. నీటితో కారు నడుపుతామని సొమ్ము కాజేసే వారి మాట వేరు. ఇక్కడ నీరు ఇంధనం కాదు. అది వేడిని అదుపు చేయటం వల్ల సూపర్‌చార్జరు పీడనాన్ని మరికొంత పెంచటానికి వీలవుతుంది. అదనపు శక్తి పెట్రోలు నుంచే వస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ ఉపాయం విమానాలకు ప్రాణాధారమైంది. అమెరికా థండర్‌బోల్ట్ విమానపు ఇంజను శక్తి నీటి సహాయంతో 2,000 నుంచి 2,300 అశ్వశక్తులకు పెరిగింది. జర్మనులు సగం మిథనాలు కలిపిన నీటిని 'ఎం.డబ్ల్యు. 50' అనే పేరుతో వాడారు.

కారులో ఈ అమరికకు కావలసిన సామాను కొద్దే: ఒక టాంకు, వడపోత, విద్యుత్ పంపు, సన్నని గొట్టం, వాల్వులు, నాజిలు. అద్దాలు కడిగే చిన్న పంపుతో సరిపెట్టుకోవాలని చూసిన వారున్నారు. అది చాలదు. నాజిలు వద్ద 7 నుంచి 10 అట్మాస్ఫియర్ల పీడనం ఉంటేనే నీరు మంచుపొగ వలె విడిపోతుంది. లావు బిందువులైతే ఆవిరి కాకుండా గొట్టపు గోడల వెంట జారిపోతాయి. సూపర్‌చార్జరు పీడనం ఒక హద్దు దాటినప్పుడు మాత్రమే పంపును నడిపే స్విచ్చి ఉండాలి. నీటి మోతాదు పెట్రోలు బరువులో 10 నుంచి 20 శాతం. తక్కువతో మొదలుపెట్టటమే వివేకం. నీరు మితిమీరితే మంట తడబడుతుంది.

నాజిలును ఎక్కడ అమర్చాలన్నది అసలు చిక్కు. సూపర్‌చార్జరు దాటిన తరువాత, గాలి సిలిండర్లకు చీలిపోకముందు అమర్చటం మేలు. ఏదో ఒక సిలిండరు మార్గానికి చేరువగా బిగిస్తే నీరంతా దానికే పోతుంది. దూరాన ఉన్న సిలిండరు ఎండిపోయి నాకింగుకు బలి అవుతుంది. థ్రాటిల్ దాటిన చోట మరొక గండం ఉన్నది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అక్కడ ఏర్పడే శూన్యత టాంకులోని నీటిని పీల్చివేస్తుంది. టాంకు ఎత్తున ఉంటే ఇంజను ఆపిన తరువాత కూడ నీరు కారుతూనే ఉండవచ్చును. నీరు కుదింపునకు లొంగదు కదా! సిలిండరులో నిలిచిన నీటి మీదికి పిస్టను లేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అందుచేత గొట్టంలో సొలినాయిడ్ వాల్వు తప్పనిసరి.

బోరు నీరు పనికిరాదు. అందులోని లవణాలు సన్నని రంధ్రాన్ని పూడ్చివేస్తాయి. బ్యాటరీలకు పోసే శుద్ధజలమే వాడాలి. మిథనాలు కలిపేవారు అది విషమని, కడుపులోనికి పోతే చూపును హరిస్తుందని, దాని మంట పగటి వెలుగులో సరిగా కంటికి కనబడదని గుర్తుంచుకోవాలి.

ఇంతా చేసి, టాంకు ఖాళీ అయితే? పెంచిన పీడనం పెంచినట్లే ఉంటుంది. రక్షించే నీరు మాత్రం ఉండదు. జెట్‌ఫైర్ నిర్మాతలు దీనిని ముందే ఊహించి, ద్రవం అయిపోగానే పీడనాన్ని తగ్గించే కవాటాన్ని అమర్చారు. ఇంజను బతికింది కాని, కారు బతకలేదు. ద్రవం నింపటం మరచిన యజమానులు శక్తి తగ్గిందని విసుగు చెందారు. కారు 1963తో నిలిచిపోయింది. 1965లో సంస్థ టర్బోచార్జరును తొలగించి మామూలు కార్బురేటరు అమర్చే కార్యక్రమం చేపట్టింది. అదే సంస్థకు చెందిన షెవ్రొలే, అదే 1962 వసంతంలో తెచ్చిన కోర్‌వేర్ టర్బో కారులో ద్రవం జోలికి పోకుండా కుదింపు నిష్పత్తినే 8కి తగ్గించింది. జెట్‌ఫైర్‌లో అది 10.25. కోర్‌వేర్ టర్బో 1966 వరకు అమ్ముడుపోయింది.

2016లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన ఎం4 జి.టి.ఎస్. కారులో ఈ పద్ధతిని పునరుద్ధరించింది. 5 లీటర్ల నీటి టాంకును వెనుక డిక్కీలో అమర్చింది. ఇంజను ఆపగానే గొట్టాలలో మిగిలిన నీరు వెనుకకు టాంకులోనికే పోతుంది. నీరు అయిపోతే పీడనాన్ని, స్పార్కు సమయాన్ని కంప్యూటరే సవరించుకుంటుంది. ఇంటి షెడ్డులో బిగించుకున్న అమరికకు ఆ వసతి ఉండదు. అందుకు టాంకులో ఒక తేలుడు బంతి, డ్రైవరు కళ్ళ ఎదుట ఒక ఎర్రదీపం, పీడనాన్ని తగ్గించే ఒక వాల్వు కావాలి. బిగించిన రోజుననే టాంకును ఖాళీ చేసి, ఆ మూడూ పని చేస్తున్నవో లేవో చూసుకొని, ఆ తరువాతనే బండిని రోడ్డెక్కించాలి.