టైరు మంటలో కాలిన మాంసం

మనం మేక తలకాయ, కాళ్ళు కట్టెల మంట మీద కాలుస్తాం. ఆఫ్రికాలోని ఘనాలో మేకను తోలుతోనే కాలుస్తారు. పశువు తోలును కూడా కాల్చి, 'వెలే' అని పులుసులో వేసుకుంటారు. కండ కొనలేని కూలోడికి అదే మాంసం.

కట్టెలు ప్రియం, పాత టైర్లు చవక. అందుకని చాలాచోట్ల కబేళాల దగ్గర టైర్లే తగలబెడుతున్నారు. టైరంటే రబ్బరొక్కటేనా? అందులో ఇనప తీగలున్నాయి, జింకు ఉంది. సీసం, కాడ్మియం కూడా ఆ మసితోబాటు తోలుకు పడతాయి. గీకి కడిగితే మసి పోవచ్చు. లోహమంతా పోదు, ఉడికించినా విరగదు. పిల్లల ఒంట్లో సీసం ఇంతవరకు ఫరవాలేదనే హద్దే లేదు.

తినేవాళ్ళ సంగతి సరే, పొద్దస్తమానం ఆ నల్లపొగలో నిలబడే కూలి కుర్రాడి మాటేమిటి? తప్పంతా వాడి మీదికి నెట్టడం తేలిక. ముందు గ్యాసు మంట పెట్టించండి, ఖర్చు కబేళా నడిపేవాళ్ళు భరించాలి. ఆ తర్వాత కుర్రాణ్ణి టైరు మానమనండి.