మందు మానిన మనిషికి గది ఏదీ?

మా పత్రిక ఆఫీసు గదిలో, పాత సంచికల కట్టల పక్కన చాప వేసుకుని ఒక మనిషి పడుకుంటున్నాడు. ఇవాల్టికి అరవై నాలుగు రోజులు. డప్పు కొట్టే మనిషి. ఆయన డప్పు మోగితేనే మన సభల్లో జనం కదిలేవాళ్లు. ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాం. పేరు రాయం, ఊరు రాయం. ఆయన మందు మానాడు. మానడం ఆయన వల్ల అయింది. మానినాక తల దాచుకునే చోటు వెతకడం మాత్రం ఆయన వల్లా కాలేదు, మా వల్లా కాలేదు.

తాగుడు ఆయనకు ఎక్కడ పట్టుకుంది? పదహారేళ్ల వయసులో చావు దగ్గర. శవం ముందు డప్పు కొట్టడానికి పిలిచినోళ్లు కూలి సగం డబ్బులిచ్చి, సగం సీసా చేతిలో పెట్టారు. తాగి కొడితేనే దరువు పడుద్దని చెప్పింది కూడా వాళ్లే. మురుగు కాలవలోకి దిగేవాణ్ణి అడగండి, పోస్టుమార్టం గదిలో శవాలు మోసేవాణ్ణి అడగండి. తాగకుండా ఆ పని చెయ్యగలవా అంటే ఏం చెప్తాడో వినండి. తాగించి పని చేయించుకున్నోళ్లే, ఆ తర్వాత అరుగు మీద కూచుని "ఆ పేటోళ్లకి తాగుడే గదా" అంటారు. ఈ మాట మేం ఇంతకు ముందూ రాశాం. ఇప్పుడు రాయాల్సింది వేరే వుంది.

ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. రోజూ పూటుగా తాగే మనిషి చేత ఒక్కసారిగా ఇంట్లో కూచోబెట్టి మాన్పించొద్దు. మొదటి రోజుకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. రెండు రోజుల లోపల ఫిట్స్ రావొచ్చు. ఆ మీదట లేని మనుషులు కనబడి, లేని మాటలు వినబడి కలవరిస్తాడు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతే ప్రాణం పోతుంది. ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలాగే భర్తకు తెలియకుండా కూరలో మందు మాన్పించే బిళ్ల కలిపే అక్కలు వున్నారు. వాళ్ల బాధ మాకు తెలుసు. కానీ అది కడుపులో వుండగా మనిషి తాగితే గుండె మీదకు వస్తుంది. ఆ పని చెయ్యొద్దు.

మన మనిషి డీఅడిక్షన్ సెంటర్లో ఇరవై ఎనిమిది రోజులు వున్నాడు. ఒళ్లు కుదుటపడింది, అన్నం సయించింది. ఇరవై తొమ్మిదో రోజున చేతిలో చీటీ పెట్టి ఇంటికి పొమ్మన్నారు. ఇల్లంటే ఏది? నాలుగిళ్ల అవతల బెల్టు షాపు. తమ్ముడు తాగుతాడు, బావమరిది తాగుతాడు. ఊళ్లో చావైతే డప్పుకి కబురొస్తుంది, కబురుతో పాటు సీసా వస్తుంది. పోనని అంటే కులపోళ్లకే కోపం. "అన్నా, నేనింటికి పోతే మూడో రోజుకి తాగుతా. నన్ను పంపొద్దు," అన్నాడాయన. తాగుబోతు మాట నమ్మరాదంటారు గానీ, ఇంత నిజమైన మాట మేం ఏ నాయకుడి నోటా వినలేదు. మానిన మొదటి మూడు నెలలే పెద్ద గండమని డాక్టర్లూ అంటారు. ఆ మూడు నెలలు వుండటానికే ఆయన చోటు అడిగాడు.

పట్నంలో గది కోసం తిరిగాం. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మీరేమిట్లు?" మూడు చోట్ల సంభాషణ అక్కడితో అయిపోయింది. నాలుగో చోట ఇంటామె మంచిది, కులం ఏదైతేనేం అంది. ఎక్కణ్ణించి వస్తున్నాడని అడిగితే మేం దాచలేదు. సెంటర్ మాట వినగానే "పిల్లలున్న ఇల్లు బాబూ" అని తలుపేసింది. కులం ఒక గొళ్లెం, తాగుడు పేరు ఇంకో గొళ్లెం. 1917లో అంబేద్కర్ అమెరికా, లండన్ చదువులు చదివి బరోడాలో ఉద్యోగానికి పోతే, వుండటానికి గది దొరక్క పార్సీ పేరు పెట్టుకుని సత్రంలో దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. తోటలో కూచోవాల్సి వచ్చిన సంగతి ఆయనే రాసుకున్నాడు. నూరేళ్లు దాటాయి. డాక్టరేటు చదివే మనిషికే అట్లా అయితే, డప్పు కొట్టి, తాగి, మానిన మనిషికి ఎవరు తలుపు తీస్తారు?

ఆఖరికి, మానినవాళ్లు వుండే "హోం" ఒకటి వుందని తెలిసి చేర్పించాం. నెలకు పన్నెండు వేలు. చందాలు వేసి కట్టాం. రసీదు అడిగితే తర్వాత ఇస్తామన్నారు. ఫోను తీసేసుకున్నారు. నెలదాకా ఇంటివాళ్లు రావొద్దన్నారు. బయట తాళం. రెండో రోజున పనులు పంచారు: ఒకడికి వంటిల్లు, ఒకడికి తోట, మన మనిషికి చీపురు, పాయిఖానా. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. వంతులు మారవా అని అడిగితే "నీకు అలవాటున్న పనే గదా" అన్నాడు వార్డెను. తొమ్మిదో రోజున గోడ దూకి వచ్చేశాడు. తాగకుండా వచ్చాడు! దార్లో ఎన్ని వైన్ షాపులు దాటి వచ్చాడో మేం లెక్కపెట్టలేదు. ఆ రాత్రి నుంచే మా ఆఫీసులో వుంటున్నాడు.

చట్టం ఏం చెప్తుందో తెలుసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే జబ్బును కూడా తన కిందికే తెచ్చింది. అట్లాంటి రోగులను వుంచి వైద్యం చేసే సంస్థ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరు కావాలి. మనిషిని గొలుసులతో కట్టెయ్యటం ఆ చట్టం ప్రకారం నేరం. ఇంటివాళ్లతో మాట్లాడే హక్కు రోగికి వుంది. కాబట్టి మనవాణ్ణి ఎక్కడైనా దింపేముందు రిజిస్ట్రేషను కాగితం చూపించమనండి, డాక్టరు ఎన్నాళ్లకోసారి వస్తాడో అడగండి. లోపలున్న ఇద్దరితో, వార్డెను పక్కన లేకుండా మాట్లాడండి. పాయిఖానా ఎవరు కడుగుతున్నారో కూడా అడగండి. ఆ ఒక్క జవాబుతో మిగతావన్నీ తెలిసిపోతాయి.

ప్రభుత్వం ఏం చేస్తోంది? దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం వల్ల 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా షాపుల వేలాలు, లైసెన్సుల గొడవలే గానీ మానిన మనిషి సంగతి ఏ పాలసీలోనూ కనబడలేదు. కేంద్రం 2019లో బయటపెట్టిన సర్వేలో, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని తేలింది. వైద్యమే ఇట్లా వుంటే, వైద్యం తర్వాత వుండే ఇంటి మాట ఎవరికి పట్టింది? వైద్యం కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఉచిత ఫోను నంబరు 14446 వుంది. దగ్గర్లో ఏ సెంటర్ వుందో అక్కడ చెప్తారు, రాసి పెట్టుకోండి.

మానినవాళ్లే కలిసి వుండే ఇళ్లు లోకంలో లేనివి కావు. 1975లో అమెరికాలో, మేరీల్యాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్ అనే చోట, డబ్బుల్లేక ఒక హోం మూసేస్తుంటే అందులో వున్నవాళ్లే ఆ ఇల్లు బాడుగకు తీసుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ హౌస్ అని పేరు పెట్టారు. వార్డెను లేడు. పెద్దను వాళ్లే ఓట్లేసి ఎన్నుకుంటారు, బాడుగ అందరూ పంచుకుంటారు, తాగితే బయటికి పోవాలి. ఇవే పద్ధతులు. అట్లాంటి ఇళ్లు ఇప్పుడు అక్కడ వేలల్లో వున్నాయి. అక్కడా ఇరుగుపొరుగు వద్దన్నారు. ఎడ్మండ్స్ అనే వూళ్లో, బంధుత్వం లేనివాళ్లు ఇంటికి ఐదుగురికి మించి వుండరాదని రూలు చూపించారు. 1995లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ వూరి వాదన ఒప్పుకోలేదు. మన పక్కనే తమిళనాడు మంజక్కుడిలో మద్రాసు ఆసుపత్రివాళ్లు ఊళ్లోనే క్యాంపు పెట్టి తాగుడు మాన్పించారు. తిరిగి వచ్చినవాణ్ణి కనిపెట్టుకోవడంలో ఊరివాళ్లనూ ఇంటివాళ్లనూ భాగం చేశారు. అంటే ఇది కోట్లతో అయ్యే పని కాదు.

మన పేటల్లో అంబేద్కర్ భవనాలు వున్నాయి, కమ్యూనిటీ హాళ్లు వున్నాయి. ఏప్రిల్ 14కి సున్నం వేసి, మిగతా ఏడాదంతా తాళం వేసి పెడుతున్నాం. కొన్నిట్లో పేకాట, దాంతోపాటు ఏముంటుందో చెప్పక్కర్లేదు. మండలానికి ఒక్క హాల్లో ఆరుగురికి చోటిస్తే ఎవరు కాదంటారు? 2013 ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వున్నాయి. ఆ డబ్బుతో రోడ్లు చూపించి లెక్క రాసుకుంటున్నారు. జిల్లాకొక ఇల్లు అందులోంచి ఇమ్మని కలెక్టరుకు అర్జీ పెట్టాలి. ఆడవాళ్లకు వేరేగా ఇవ్వాలి. కల్తీ కల్లుకు అలవాటుపడిన అక్కలున్నారు. కల్లు ఆపిన రోజు వాళ్లకూ ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. వాళ్లను ఎక్కడ పెట్టాలో ఇంతవరకు మేమూ ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాం.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మన సభ అయిపోయాక రాత్రి ఏం జరుగుతుందో మనకు తెలియదా? వేదిక మీద బాబాసాహెబు, వేదిక వెనక క్వార్టర్ సీసాలు. ఈ డప్పు మనిషికి కూలి బదులు సీసా ఇచ్చినవాళ్లలో ఆసాములే కాదు, మేమూ వున్నాం. పోయిన ఏడాది జిల్లా సభకు ఆయన్ని పిలిచినప్పుడు ఆ ఏర్పాటు చేసింది ఈ పత్రిక మనుషులే. ఈ సంగతి ఆయన మాకు గుర్తు చెయ్యలేదు, మాకే గుర్తొచ్చింది. ఇక మీదట మా సభల్లో డప్పుకు డబ్బులే ఇస్తాం, సభకు ముందే ఇస్తాం. తాగి వచ్చిన కార్యకర్త, ఎంత పాతవాడైనా, వేదిక ఎక్కడు.

ఆఫీసు గది ఇంటాయన నెలాఖరుకు ఆ మనిషిని పంపించెయ్యమన్నాడు. ఆయనతో పాటు సెంటర్ నుంచి వచ్చేవాళ్లు మరో ఇద్దరున్నారు. ముగ్గురికీ రెండు గదుల ఇల్లు కావాలి. బెల్టు షాపుకు దూరంగా, బస్సుకు దగ్గరగా వుంటే చాలు. మూడు నెలల బాడుగ ముందే కడతాం. వంట, వూడ్పు, పాయిఖానా అన్నీ వంతుల ప్రకారం వాళ్లే చేసుకుంటారు. రాత్రి పూట మా వాళ్లలో ఒకరు వచ్చి పడుకుంటారు. మీ ఎరుకలో ఇల్లుంటే ఈ పక్షంలోపే పత్రిక చిరునామాకు కార్డు రాయండి, లేదా సంచిక తెచ్చే పిల్లవాడికి చెప్పి పంపండి.