గీత దాటిన ప్రేమకు హాల్లో చోటుందా?

రాయ్‌పూర్‌లో ఆరు దశాబ్దాల కిందట ఒక చిన్న సినిమా రేపిన గొడవ ఇవాళ్టి క్వీర్ చిత్రాలకూ పాఠమే

ఛత్తీస్‌గఢీ భాషలో తొలి సినిమా ‘కహి దేబే సందేస్’ 1965లో తయారై వస్తే రాయ్‌పూర్ దానికి హారతి పట్టలేదు. సొంత భాష తెరమీద వినిపిస్తోందన్న సంబరం కన్నా, తెరమీద ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారన్న కోపమే ముందుకొచ్చింది. కథలో కుర్రాడు సత్నామీ, అంటే గురు ఘాసీదాస్ బాటలో నడిచే దళిత సముదాయంవాడు. అమ్మాయి బ్రాహ్మణుల ఇంటి పిల్ల. అంతే, అభ్యంతరాలు లేచాయి. నిషేధించాలన్నారు. చివరికి సినిమా రాయ్‌పూర్ కన్నా ముందు దుర్గ్‌లో విడుదలైంది. అప్పటి కేంద్ర సమాచార, ప్రసార మంత్రి ఇందిరా గాంధీ అందులో కొంత భాగం చూసి, ఇది జాతీయ సమైక్యతకు మేలు చేసేదేనని అన్నాకే వేడి చల్లారిందని చెబుతారు.

ఇవాళ అదే సినిమా రాష్ట్రానికి గర్వకారణం. ఛత్తీస్‌గఢ్ సినిమా చరిత్రను ఎవరు మొదలుపెట్టినా దానితోనే మొదలుపెడతారు. తెలుగువాళ్లకు ఈ కథ కొత్త కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’ తీసినప్పుడు ఛాందసులు మండిపడ్డారు. ఇప్పుడది మన సినిమాకు మైలురాయి. నిన్న తిట్టిన సినిమానే నేడు నెత్తిన పెట్టుకోవడం మనకు అలవాటే. కానీ తిట్టడానికైనా ఊరు ఆ సినిమాను చూడాలి, కనీసం అది తమ ఊరికి వస్తోందని తెలియాలి. ఈ కొలబద్దతో రాయ్‌పూర్ నేలమీద పుట్టిన కొన్ని పాత చిత్రాలను, ఈ మధ్య వచ్చిన కొన్ని క్వీర్, స్వతంత్ర చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆసక్తికరమైన సంగతులు బయటపడతాయి.

కహి దేబే సందేస్ (1965)

దర్శకుడు మనూ నాయక్ రాయ్‌పూర్ ప్రాంతం నుంచి ముంబయి వెళ్లి సినిమా కంపెనీలో పనిచేసినవాడు. భోజ్‌పురిలో తొలి సినిమా విజయం చూసి, మన భాషలో ఎందుకు తీయకూడదనుకున్నాడు. పలారీ ఊళ్లో చిత్రీకరించాడు. మహమ్మద్ రఫీ పాడాడు. పాటలు రాసింది హనుమంత్ నాయుడు. తెలుగు పాఠకుడు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగడం సహజం. ఇవాళ చూస్తే సినిమాలో నాటకీయత ఎక్కువ, ఉపదేశం ఇంకాస్త ఎక్కువ. అయినా ఊరి గట్లు, చెరువు, ఇళ్లు అలంకరణ లేకుండా కనిపిస్తాయి. అంటరానితనం తప్పని చెప్పి ఊరుకోకుండా, ఆ రెండు కులాల మధ్య ప్రేమ సాధ్యమేనని చూపించడమే దీని తెగువ. జాలి కథ అయితే ఎవరికీ కోపం వచ్చేది కాదు. ప్రేమ కథ కాబట్టే వచ్చింది.

సద్గతి (1981)

ప్రేమ్‌చంద్ కథతో దూరదర్శన్ కోసం సత్యజిత్ రే తీసిన టెలీఫిల్మ్. గంట కూడా ఉండదు. చిత్రీకరణ రాయ్‌పూర్‌కు దగ్గరి పల్లెల్లో జరిగింది. కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకోవడానికి పండితుడి ఇంటికి వెళ్లిన దుఖీ (ఓంపురి), ఆయన చెప్పిన వెట్టి చాకిరీ చేస్తూ, ఖాళీ కడుపుతో మొద్దు కొడుతూ అక్కడే కుప్పకూలిపోతాడు. శవాన్ని ముట్టుకునేవాడు లేడు. స్మితా పాటిల్ ఏడుపు, మోహన్ అగాషే మొహంలో భయం, చిరాకు కలిసిన ఆ తంటా మరచిపోవడం కష్టం. గొడ్డలి పట్టిన దుఖీ దగ్గరికి వచ్చి ప్రశ్నించే గోండు పాత్రలో స్థానిక కళాకారుడు భయ్యాలాల్ హెడావు కనిపిస్తాడు. కథ మొత్తంలో నిటారుగా నిలబడి మాట్లాడేది అతనొక్కడే. రే ఎక్కడా గొంతు పెంచడు. అందుకే ఈ సినిమా ఇంకా గుచ్చుతుంది.

చరణ్‌దాస్ చోర్ (1975)

రాయ్‌పూర్‌లో 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్ నాటకాన్నే శ్యామ్ బెనెగళ్ చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ కోసం తెరకెక్కించాడు. ‘నయా థియేటర్’ నటుల మధ్య యువరాణిగా స్మితా పాటిల్. అబద్ధం ఆడనని గురువుకు మాటిచ్చిన దొంగ, ఆ మాటకోసం రాజ్యాన్నీ పెళ్లినీ వదులుకుని ప్రాణం మీదికి తెచ్చుకోవడం కథ. పిల్లల సినిమా అంటారు గాని పెద్దలకే ఎక్కువ పనికొస్తుంది.

ఈ నటుల వెనక ఛత్తీస్‌గఢ్ ‘నాచా’ ఉంది. అందులో ఆడవేషాలు సంప్రదాయంగా మగవాళ్లే కడతారు. మనకు స్థానం నరసింహారావు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ ఎలాగో, అక్కడ నాచా కళాకారులు అలాగ. మగవాడు చీర కట్టి వేదికెక్కితే ఊరంతా చప్పట్లు కొడుతుంది. వేషం తీశాక కూడా తాను ఆడదాన్నేనని చెప్పే మనిషి వీధిలో నడిస్తే అదే ఊరు నవ్వుతుంది. వేషం వేరు, జీవితం వేరు. ఆ రెండో దాని గురించి మన సినిమా ఇంకా సరిగ్గా నోరు విప్పలేదు.

న్యూటన్ (2017)

అమిత్ మసూర్కర్ తీసిన ఈ చిత్రం ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరాలో తయారైంది. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే ఊరది. దండకారణ్యంలో 76 మంది ఓటర్లున్న పోలింగ్ కేంద్రానికి రిజర్వు డ్యూటీ మీద వచ్చిన గుమాస్తా న్యూటన్ కుమార్ (రాజ్‌కుమార్ రావు) రూల్స్ పుస్తకాన్ని పట్టుకుని వేలాడతాడు. భద్రతా దళాల అధికారి (పంకజ్ త్రిపాఠీ)కి త్వరగా తంతు ముగించి బయటపడాలని తొందర. మధ్యలో గోండు ఓటర్లు. పోటీ చేస్తున్నవాళ్లెవరో వాళ్లకు తెలియదు. నవ్విస్తూనే కాలికింద నేల లాగేసే సినిమా. బెర్లిన్‌లో బహుమతి పొంది, ఆస్కార్‌కు మన దేశం తరఫున వెళ్లింది. లోపం ఒకటే: అడవి మనుషుల మౌనాన్ని చక్కగా చూపించింది గాని, ఆ మౌనం వెనక మాటను అంజలి పాటిల్ పాత్రకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు.

అలీగఢ్ (2016)

న్యూటన్‌గా నటించిన రాజ్‌కుమార్ రావే ఇందులో పత్రికా విలేకరి. అసలు కథ మాత్రం ప్రొఫెసర్ రామచంద్ర సిరస్‌ది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ చెప్పే ఆయన ఇంట్లోకి 2010 ఫిబ్రవరిలో కెమెరాతో చొరబడ్డారు. ఆయన మరో పురుషుడితో ఉండటాన్ని చిత్రీకరించారు. చొరబాటు నేరమని అనాల్సింది పోయి విశ్వవిద్యాలయం ఆయన్నే సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టులో ఆయనకు ఊరట దొరికింది. 7న ఆయన శవమై కనిపించారు.

దర్శకుడు హన్సల్ మెహతా దీన్ని ఉద్యమ చిత్రంగా తీయలేదు. మనోజ్ బాజ్‌పేయీ గదిలో ఒంటరిగా కూర్చుని, చేతిలో గ్లాసుతో లతా మంగేష్కర్ పాత పాట వింటూ తనలో తాను గొణుక్కునే దృశ్యం ఒక్కటి చాలు. తన మనసును ఇంగ్లిషులోని మూడు అక్షరాల్లో ఎలా ఇరికిస్తారని సిరస్ అడుగుతాడు. ఇలాంటి సినిమా ట్రైలర్‌కు కూడా సెన్సార్ ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది. తలుపు పగలగొట్టినవాళ్ల కన్నా తలుపు వేసుకున్నవాడే పెద్దలకు మాత్రమే చూపదగిన వస్తువయ్యాడు.

బధాయీ దో (2022)

మళ్లీ రాజ్‌కుమార్ రావే. ఈసారి మహిళా పోలీస్ స్టేషన్‌లో పనిచేసే మగ పోలీసు. పీఈటీ టీచర్‌గా భూమి పెడ్నేకర్. అతను గే, ఆమె లెస్బియన్. ఇంట్లోవాళ్ల పోరు పడలేక ఒకరినొకరు పెళ్లాడి ఒకే ఇంట్లో ఎవరి బతుకు వాళ్లు బతకాలనుకుంటారు. పెళ్లయ్యాక సుఖంగా వదిలేస్తారా? పిల్లలెప్పుడంటూ మొదలు. హర్షవర్ధన్ కులకర్ణి దీన్ని మధ్యతరగతి కుటుంబ హాస్యంగా నడిపాడు. నిడివి ఎక్కువే, కొన్ని మలుపులు సులువుగా తేలిపోతాయి. కానీ అత్తగారు, మేనత్త, పిన్ని అందరూ సోఫాలో కూర్చుని చూడగల క్వీర్ సినిమా ఇది. పాత్రలను చూసి నవ్వించదు, వాళ్లతో కలిసి నవ్విస్తుంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరం కాదన్నా, 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కును గుర్తించడానికి నిరాకరించింది. జంటగా దత్తత తీసుకునే వీలూ కల్పించలేదు. కాబట్టి ఈ సినిమాలోని దొంగ పెళ్లి అవసరం ఇంకా పాతబడలేదు.

సాబర్ బోండ (2025)

పేరుకు అర్థం నాగజెముడు పండు. ముళ్లు తీసి ప్రేమతో చేతిలో పెడితే తియ్యగా ఉంటుంది. రోహన్ కానవడే తొలి చిత్రం. సన్‌డాన్స్‌లో ప్రపంచ సినిమా నాటకీయ విభాగంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలుచుకుంది. తండ్రి పోయాక పది రోజుల మైల కోసం ముంబయి నుంచి సొంతూరు వచ్చిన ఆనంద్‌కు బంధువులు ‘ఇంకెప్పుడు పెళ్లి?’ అని పోరు పెడతారు. చిన్ననాటి స్నేహితుడు బాల్యా మేకలు, పొలం చూసుకుంటూ అదే పోరు పడుతున్నాడు. ఇద్దరూ దగ్గరవుతారు. ఇంతే కథ. తల్లికి కొడుకు సంగతి తెలుసు. కన్నీళ్లు, కేకలు లేవు. క్వీర్ కథ అంటే నగరం, ఇంగ్లిషు, పబ్బు అనుకునేవాళ్లకు ఇది చెంపపెట్టు. పొలం గట్టుమీద మరాఠీ మాట్లాడే ఈ ఇద్దరూ ఛత్తీస్‌గఢ్‌లోనో శ్రీకాకుళంలోనో ఉండొచ్చు. దేశంలో దీన్ని విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా. ఈ జాబితాలో ఒక్కటే చూసే తీరిక ఉంటే ఇదే చూడాలి.

తెలుగు తెర సంగతి? ప్రశాంత్ వర్మ ‘అ!’ (2018)లో నిత్యా మీనన్, ఈషా రెబ్బా జంటగా కనిపించి తల్లిదండ్రులకు చెప్పే ఘట్టం ఉంది. వెక్కిరింపు లేకుండా తీశాడు. అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టాలి. మిగతా చోట్ల నడక మార్చి, గొంతు సాగదీసి నవ్వించే కమెడియన్ పాత్రే దిక్కు.

విచిత్రం ఏమిటంటే ఛత్తీస్‌గఢ్‌లో జీవితం తెరకన్నా ముందుంది. 2015లో రాయ్‌గఢ్ ఓటర్లు ట్రాన్స్‌జెండర్ మధు కిన్నర్‌ను 4,537 ఓట్ల మెజారిటీతో మేయర్‌ను చేశారు. 2019 మార్చిలో రాయ్‌పూర్‌లో 15 ట్రాన్స్‌జెండర్ జంటలకు సామూహిక వివాహం జరిగింది. 2021లో రాష్ట్ర పోలీసు శాఖకు 13 మంది ట్రాన్స్‌జెండర్లు కానిస్టేబుళ్లుగా ఎంపికయ్యారు. ఇవన్నీ నలుగురి కళ్లముందు జరిగినవే. సినిమా మాత్రం ఎవరికి వాళ్లు ఫోన్‌లో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసే దశలోనే ఉంది.

1998లో దీపా మెహతా ‘ఫైర్’ వచ్చినప్పుడు ముంబయి, ఢిల్లీల్లో హాళ్లమీద దాడులు జరిగాయి. ఆ రోజులు రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఫోన్‌లో ఒంటరిగా చూసిన సినిమాకు శత్రువులు ఉండనట్టే సాక్షులు కూడా ఉండరు. పక్క సీట్లో అపరిచితుడు అదే చోట నవ్వాడనో, అదే చోట ముక్కు తుడుచుకున్నాడనో తెలియడంలో ఒక ధైర్యం ఉంది. తన ఊళ్లో తాను ఒక్కడే కాదని చీకట్లో తెలుసుకునే అవకాశం అది. ‘సాబర్ బోండ’ లాంటి చిత్రాలు పరిమితమైన తెరలకే వస్తాయి. మహానగరాలు దాటితే ఆ కాస్తా కష్టం. పంపిణీదారులు వారాంతంలో ఒక్క ఆటైనా రాయ్‌పూర్, విశాఖపట్నం, వరంగల్ లాంటి ఊళ్లకు ఇస్తే, జనం చూస్తారా తిడతారా అన్నది తర్వాత తేలుతుంది. 1965లో మనూ నాయక్ అంతవరకే చేశాడు. మిగతా పని ఊరే చేసుకుంది, కాస్త ఆలస్యంగా.