తలుపు తాళం వేసి ఉందట!

"డోర్ లాక్డ్". పార్శిలు మీద ఈ రెండు ముక్కలు గిలికేస్తే బట్వాడా పని అయిపోయినట్టే. అవును, తాళం వేసే ఉంటది. కాలవలకి నీళ్ళొదిలి నాట్లు మొదలైన రోజుల్లో కృష్ణా డెల్టాలో మన పల్లెల్లో ఏ ఇంటికి తాళం ఉండదు? తెల్లారగానే ఆడోళ్ళు ఆటోల్లో కుక్కుకుని చేలల్లోకి పోతారు. మగోళ్ళు విజయవాడలో సెంట్రింగు పనికో తాపీ పనికో పోతారు. ఇంట్లో ఉంటే ముసలమ్మ ఉంటది, ఆమెకి సంతకం రాదు. మిట్టమధ్యాహ్నం వచ్చి తలుపు కొట్టి మనిషి లేడని రాయడం తప్పని మేము అనడం లేదు. ఆ రాసిన తర్వాత ఏం జరుగుతున్నదన్నదే మా ప్రశ్న.

రూలు ప్రకారం అయితే ఇంట్లో ఒక చీటీ వెయ్యాలి. పార్శిలుని సాధారణంగా 7 రోజులు పోస్టాఫీసులో ఉంచాలి. ఈలోగా మనం వెళ్ళి గుర్తింపు కార్డు చూపించి తెచ్చుకోవాలి. లేకపోతే పంపినవాళ్ళకే తిరిగి పోతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ పల్లెటూరి బ్రాంచి పోస్టాఫీసు పనిచేసేది రోజుకి 4, 5 గంటలు. 2018లో గ్రామీణ డాక్ సేవకుల వేతనాలు సవరించినప్పుడు కూడా ఈ లెక్కే పెట్టారు. మనం పనికి పోయేటప్పటికి తెరవరు, వచ్చేటప్పటికి మూసేస్తారు. అంటే పార్శిలు కావాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. ఉద్యోగస్తుడికి అది ఒక పూట పర్మిషన్. కూలికి పోయే తల్లికి అది ఆ రోజు గంజి.

చీటీ వెయ్యకపోతే అదీ లేదు. వచ్చిందని తెలియదు, పోయిందని తెలియదు.

పోయేది చీరల పార్శిలైతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. గల్ఫు పోదామని అప్పు చేసిన మనిషి పాస్‌పోర్టు కూడా స్పీడుపోస్టులోనే వస్తుంది. అది మనిషి చేతికే ఇస్తారు, ఇంట్లో ఇంకొకరికి ఇవ్వరు. మనిషి దొరక్కపోతే పాస్‌పోర్టు ఆఫీసుకి తిరిగి పోతుంది. ఇంటర్వ్యూ కాగితం తేదీ దాటాక చేతికొస్తే పొయ్యిలోకి తప్ప దేనికి పనికొస్తుంది? మన ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లకి ఆ కాగితం విలువ ఎంతో వేరే చెప్పాలా?

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడుపోస్టులో కలిపేశారు. అక్టోబరు నుంచి, పంపేవాళ్ళు కోరితే, ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతీ వచ్చింది. దొంగల భయం లేదు, మంచిదే. ఇంటికున్న ఒక్క ఫోనూ పనికి పోయినవాడి జేబులో ఉంటే ఓటీపీ ఎవరు చెప్పాలి?

ఇక ప్రైవేటు కొరియర్ల సంగతి. ఫోను చేసి "రామాలయం దగ్గరికి రండి" అంటారు. ఎప్పుడూ రామాలయమే, లేకపోతే ఊళ్ళో సెంటరు! పల్లెలోకి సిమెంటు రోడ్డు ఉంది. ఎన్నికలప్పుడు అన్ని పార్టీల కార్లూ వస్తాయి. పార్శిలు బండి మాత్రం రాదు. మన తాతల్ని గుమ్మం తొక్కనివ్వని గుడి దగ్గరికే మనం పోయి మన డబ్బులు పెట్టి కొన్న వస్తువు తెచ్చుకోవాలి. విజయవాడలోనూ అంతే. గుణదల కొండ మీదా చిట్టినగర్ కొండ మీదా ఇళ్ళున్నవాళ్ళని మెట్లు దిగి రమ్మంటారు. ఆ బండి తోలే కుర్రాడిని మేము తిట్టం. వాడూ చాలాచోట్ల మనోడే. పార్శిలుకి ఇంత అని లెక్కగట్టి ఇస్తే మెట్లెక్కే తీరిక వాడికెక్కడిది? అడగాల్సింది వాడి యజమానిని.

1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. అది ఊరిదాకా వచ్చి ఆగింది. 1898 నాటి తెల్లదొరల పోస్టాఫీసు చట్టం పోయి 2024 జూన్ 18 నుంచి కొత్త చట్టం అమల్లోకొచ్చింది. 2025 మేలో డిజిపిన్ అని పెట్టారు. దేశాన్నంతా నాలుగేసి మీటర్ల గళ్ళుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. కాలవ గట్టు మీద పట్టా లేని పాకకి కూడా ఒక గుర్తు ఉన్నట్టే కదా! ఆకాశంలోంచి మన గుమ్మం కనపడుతున్నది. ఊరి మధ్య నుంచి కనపడటం లేదు.

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో బ్రాంచి పోస్టాఫీసు ఒక గంట సాయంత్రం తెరవండి. ఆ గంటకి డాక్ సేవకుడికి జీతం కట్టండి. అతని చేత వెట్టి చేయించమని మేము అనం. చీటీ వెయ్యకుండా తిప్పి పంపితే జవాబు చెప్పాలి. పంచాయితీ మన పల్లెలో ప్రతి ఇంటికీ నంబరు రాయాలి.

మన పిల్లలకి ఒక పని చెబుతున్నాం. స్పీడుపోస్టు వస్తుందని తెలిస్తే రశీదు నంబరు అడిగి తీసుకోండి, ఫోనులో ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. ఇంట్లో ఎవరూ ఉండరనుకుంటే, పాస్‌పోర్టు లాంటివి కాకపోతే, ఫలానా మనిషికి ఇవ్వమని ముందే కాగితం రాసి పోస్టాఫీసులో ఇవ్వండి. "డోర్ లాక్డ్" అని తిరిగి పోయిన కవర్లు పంపినవాళ్ళ దగ్గర ఉంటే పారేయొద్దనండి. ఆ రోజు ఇంట్లో ఎవరున్నారో, చీటీ వేశారో లేదో వెనకాల రాసి మీ ఊరి అంబేద్కర్ సంఘంలో ఇవ్వండి. సంచి నిండాక విజయవాడలో పోస్టల్ సర్కిల్ ఆఫీసుకి మనమే మోసుకుపోదాం. పోస్టులో మాత్రం వెయ్యం.